ఆ అమ్మ బొమ్మను అమ్మాలా, వద్దా?

ఘనా రాజధాని ఆక్రా నుంచి ఒక పాఠకుడు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేసి క్లుప్తంగా చెబుతున్నాను.

ఆయనకు నలభై ఆరేళ్ళు. సొంతూరు గుంటూరు వైపు. 2011 నుంచి ఆక్రాలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నారు. డాన్సోమాన్‌లో కాపురం. పక్కనే చోర్కోర్, జాలర్లు ఉండే పేట. 2017లో కంపెనీ గోడ మీద బోర్డు రాయడానికి ఒక పంతొమ్మిదేళ్ళ కుర్రాడు వచ్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళ సిమెంటు బస్తా కాగితం మీద వాచ్‌మన్ మొహం గీశాడు. అది చూసి ఈయన ముచ్చటపడి ఇంటికి రమ్మన్నారు. అక్కడి నుంచి రాకపోకలు మొదలయ్యాయి. రంగులకు డబ్బులిచ్చారు, భోజనం పెట్టారు. ఈయన భార్య చేసిన పులిహోర తింటూ "ఆంటీ, మీ జొలోఫ్ ఎందుకో పుల్లగా ఉంది" అనేవాడట. జొలోఫ్ అంటే అక్కడివాళ్ళు టమాటాతో వండే అన్నం.

2018లో ఆ కుర్రాడి దగ్గర మూడు బొమ్మలు 1,200 సెడీలకు కొన్నారు. అప్పటి రేటులో పదిహేడు వేల రూపాయలు అటూ ఇటూ. ఒకటి భార్యది, మామిడిపండు రంగు చీరలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని ఉంటుంది. ఒకటి ఈయనది, ఆఫీసు చొక్కాలో. మూడోది ఆ కుర్రాడి తల్లిది. చేపలు పొగబెట్టే పొయ్యి ముందు నిలబడి ఉంటుంది. కాన్వాస్ కొనే స్తోమత లేక, పిండి సంచులు రెండు విప్పి కలిపి కుట్టిన గుడ్డ మీద వేశాడు. కుట్టు సరిగ్గా ఆవిడ భుజం మీదుగా పోతుంది. అది ఇచ్చేటప్పుడు "అంకుల్, మా అమ్మను మాత్రం అమ్మొద్దు" అన్నాడు. "నేనెందుకు అమ్ముతానురా" అని ఈయన నవ్వేశారు.

తర్వాత కుర్రాడికి స్కాలర్‌షిప్ వచ్చింది, యూరప్‌లో ఆర్ట్ స్కూల్‌కు వెళ్ళాడు. ఇప్పుడు కాస్త పేరొచ్చింది, ఒక గ్యాలరీ వాళ్ళు అతని బొమ్మలు అమ్ముతున్నారు. ఈయన ఎప్పుడో ఫేస్‌బుక్‌లో పెట్టిన హాలు ఫొటో చూసి రెండు నెలల కిందట ఒక డీలర్ మెయిల్ పెట్టాడు. తల్లి బొమ్మకు 25,000 డాలర్లు, చీర బొమ్మకు 15,000 డాలర్లు ఇస్తానన్నాడు. ఇక్కడ కూతురికి మెడిసిన్ ఫీజు కట్టాలి. "వాడు మనల్ని మర్చిపోయాడు, ఆ పొయ్యి బొమ్మ ఇచ్చేయండి" అంటున్నారు భార్య. ఈలోగా కుర్రాడి నుంచి వాయిస్ మెసేజ్: "అంకుల్, ఎవరో అడుగుతున్నారని తెలిసింది. ఇవ్వకండి, నేనే తీసుకుంటాను." ఎంతకో చెప్పలేదు. మూడు వారాలైంది, ఈయన జవాబివ్వలేదు.

ఉత్తరం చివర రెండు ప్రశ్నలున్నాయి. చట్టప్రకారం ఆ బొమ్మలు నావే కదా? అమ్మితే నేను మోసం చేసినట్టా?

---

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. డబ్బిచ్చి కొన్నారు, ఇంట్లో పెట్టుకున్నారు, బొమ్మలు మీవే. ఒక్క మెలిక మాత్రం గుర్తుంచుకోండి. గుడ్డ మీద ఉన్న బొమ్మ సొంతమవడం వేరు, దాన్ని క్యాలెండర్ల మీదా చొక్కాల మీదా అచ్చేసుకునే హక్కు వేరు. డీలర్‌కు ఏ కాగితం మీద సంతకం పెట్టినా ఆ రెండో హక్కు మీరు రాసివ్వకండి. మీ దగ్గర లేనిది ఇచ్చినట్టవుతుంది.

రెండో ప్రశ్న దగ్గరకు వచ్చే ముందు, ఏడో పేజీలో మీరు రాసిన నాలుగు లైన్ల గురించి మాట్లాడాలి. ఫీజు గురించి ఒక పేజీ రాశారు, డీలర్ గురించి పేజీన్నర రాశారు. కానీ ఆ నాలుగు లైన్ల దగ్గర మీ పెన్ను కాగితాన్ని చించేంత గట్టిగా నడిచింది. కుర్రాడు ఎక్కడో ఇంటర్వ్యూలో "మా ఊళ్ళో నా బొమ్మలు కొన్నవాళ్ళెవరూ లేరు" అన్నాడు. అది చదివిన రోజు మీకు అన్నం సహించలేదు. డీలర్ మెయిల్ వచ్చింది ఆ తర్వాత పది రోజులకు.

ఈ వరుస ఒక్కసారి చూసుకోండి. ముందు మనసు కష్టపడింది, తర్వాత బేరం వచ్చింది. ఇంటర్వ్యూలో అతను "డాన్సోమాన్‌లో ఒక ఇండియన్ అంకుల్ ఉండేవారు, నా మొదటి బొమ్మలు ఆయనే కొన్నారు" అని ఉంటే, ఇదే మెయిల్‌కు మీరు ఏమని జవాబిచ్చేవారు? వెంటనే అతనికి ఫోన్ చేసి "ఒరేయ్, నీ బొమ్మకు పాతిక వేల డాలర్లట!" అని సంబరపడేవారని నా అనుమానం. అలా అయినా చివరికి అమ్మేవారేమో, అది వేరే సంగతి. కానీ మూడు వారాలు మూగగా మాత్రం ఉండేవారు కాదు.

మీ బాధ చిన్నదని నేను అనను. చేసిన మేలు ఎవరూ చెప్పకపోతే ఎవరికైనా నొప్పే. కాకపోతే ఇందులో మీకు తోడున్నారు. మీ ఆక్రావాడే, చిత్రకారుడు అమోఆకో బోఆఫో కథ మీరు వినే ఉంటారు. 1984లో ఆక్రాలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు, తల్లి ఇళ్ళలో వంట చేసి పెంచింది. ఆవిడ పనిచేసే చోట ఒకాయన ఫీజు కడతానంటే ఆక్రాలోని ఘనాట్టా ఆర్ట్ కాలేజీలో చేరాడు. 2008లో అక్కడ చదువు పూర్తయింది. తర్వాత వియన్నా వెళ్ళాడు. 2018లో అమెరికన్ చిత్రకారుడు కెహిండే వైలీ, ఒబామా అధికారిక పోర్ట్రెయిట్ వేసినాయన, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇతని బొమ్మలు చూసి తనకు తెలిసిన గ్యాలరీలకు చెప్పాడు. 2019 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో ప్రదర్శన పెట్టారు. ఇక ఆగలేదు. ఇప్పుడు ఎవరు ఈ కథ చెప్పినా వైలీ దగ్గర ఒక పేరా ఆగుతారు. ఫీజు కట్టిన ఆ పెద్దమనిషికి దక్కేది ఒక వాక్యం. మొదటి మెట్టు వేసినవాళ్ళకు ఎక్కడైనా ఇంతే జరుగుతుంది. న్యాయం కాదు, కానీ పగబట్టి ఎవరూ చేసేదీ కాదు. విలేకరులకు కష్టాల కథ కావాలి. కుర్రాళ్ళు అదే చెబుతారు, ఇరవయ్యేళ్ళ వయసులో మరీను.

కాబట్టి మొదటి సలహా, డబ్బుతో సంబంధం లేనిది. ఆ ఇంటర్వ్యూ గురించి అతన్ని విడిగా అడగండి. బొమ్మ బేరం మధ్యలో అడిగితే అది బేరంలో భాగమైపోతుంది. మనసులో ఉన్న కోపానికి డీలర్ చేత వెల కట్టించుకున్నట్టవుతుంది.

ఇక డీలర్. ఆయన ఊరికే మీ ఇంటి తలుపు తట్టలేదు. అదే కుర్రాడి బొమ్మ గ్యాలరీలో కొనబోతే, "మూడేళ్ళో ఐదేళ్ళో తిరిగి అమ్మను, అమ్మితే ముందు మీకే చెబుతాను" అని చాలా గ్యాలరీలు కొనేవాడి చేత సంతకం పెట్టిస్తాయి. మాట తప్పితే రెండోసారి బొమ్మ ఇవ్వరు. అందుకే త్వరగా లాభం చూసుకునేవాళ్ళు ఇలాంటి కాగితాలేవీ లేని పాత బొమ్మల కోసం వెతుకుతారు. పేరు రాకముందు అభిమానంతో కొన్నవాళ్ళు, స్నేహితులు, ఇంటి ఓనర్లు, మీలాంటివాళ్ళు వాళ్ళకు దొరికిన గని. అలా కొన్నది ఏడాది తిరక్కుండా వేలానికి పోతుంది.

వేలం అంటే ఏం జరుగుతుందో బోఆఫో విషయంలోనే చూడండి. "ద లెమన్ బాతింగ్ సూట్" అని 2019లో వేసిన బొమ్మ. 2020 ఫిబ్రవరిలో లండన్‌లో ఫిలిప్స్ అనే వేలం సంస్థ వాళ్ళు వేలం వేశారు. 30,000 నుంచి 50,000 పౌండ్లు రావచ్చని అంచనా కట్టారు. పలికింది 6,75,000 పౌండ్లు. వేసి ఏడాదైనా గట్టిగా కాని బొమ్మ! మరుసటి ఏడాది డిసెంబర్‌లో హాంకాంగ్‌లో క్రిస్టీస్ సంస్థ వేలంలో ఇంకో బొమ్మ 30 లక్షల డాలర్లు దాటింది. చదవడానికి పండగలా ఉంటుంది. ఆ పండగ అమ్మినవాడిది. అలా చేతులు మారే డబ్బులో చిత్రకారుడికి వాటా రావాలంటే ప్రత్యేక చట్టం ఉండాలి. ఫ్రాన్స్ 1920లోనే అలాంటి చట్టం తెచ్చింది. మన దేశంలోనూ కాపీరైట్ చట్టం 53ఎ సెక్షన్ కింద పదివేల రూపాయలు దాటి తిరిగి అమ్మితే వాటా అడగవచ్చని ఉంది, గరిష్ఠంగా పది శాతం. ఎంతమంది అడుగుతున్నారన్నది మాత్రం నన్నడక్కండి. అమెరికాలో, హాంకాంగ్‌లో అలాంటి వాటా లేదు.

వాటా రాకపోగా ఇంకో నష్టం ఉంది. కుర్రవాడి బొమ్మలు ఒక్కసారిగా వేలంలోకి వచ్చి ధర చుక్కలంటితే, తర్వాత అదే ధర నిలబడాలి. నిలబడకపోతే "వీడి పని అయిపోయింది" అంటారు. 2021 నాటి జోరు తర్వాత 2023, 2024లలో యువ చిత్రకారుల వేలం ధరలు బాగా జారాయి. లాభం చేసుకున్నవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. బొమ్మలు వేసేవాళ్ళు మాత్రం అదే పేరుతో ఇంకా నలభై ఏళ్ళు బతకాలి. బోఆఫో తట్టుకుని నిలబడ్డాడు. 2022 డిసెంబర్‌లో ఆక్రాలోనే డాట్ అటెలియర్స్ అని మూడంతస్తుల భవనం తెరిచి, కొత్తవాళ్ళు ఉండి బొమ్మలు వేసుకునే వీలు కల్పించాడు. మీకు అరగంట, గంట దూరమే కదా, ట్రాఫిక్‌ను బట్టి. ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరూ వెళ్ళి చూడండి. మీ హాల్లో వేలాడుతున్నది ఏ జాతి వస్తువో అక్కడ అర్థమవుతుంది.

ఇదంతా చెప్పింది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. మీకూ అవసరం ఉంది. కూతురి ఫీజు కట్టడానికి బొమ్మ అమ్మడం పాపం అని నేను అనను. పొలం అమ్మి చదివించిన తండ్రులున్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం.

అయితే మీరు మూడు బొమ్మలను ఒకే గంపలో వేసి ఆలోచిస్తున్నారు. విడదీయండి.

తల్లి బొమ్మ విషయంలో మీరు ఒక మాట ఇచ్చారు. నవ్వుతూ ఇచ్చారు, కాగితం లేదు, సాక్షి లేడు. కోర్టులో అది నిలవకపోవచ్చు. కానీ మీరు నన్ను అడిగింది "మోసమా" అని. అతను ఆ మాట అడిగిన రోజున బొమ్మ ధరలో దాన్ని కలుపుకునే ఇచ్చాడు. నాలుగు వందల సెడీలు, ప్లస్ ఒక మాట. అతనికి చెప్పకుండా డీలర్‌కు ఇస్తే రెండో భాగం ఎగ్గొట్టినట్టే. ముందు చెప్పి, అతనికి అవకాశమిచ్చి, కుదరక అమ్మితే అది వేరు. ఆ మాట ఇచ్చేనాటికి బొమ్మకు ఇంత ధర వస్తుందని మీకూ తెలియదు, అతనికీ తెలియదు. పరిస్థితి మారినప్పుడు మాటను మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవచ్చు. చాటుగా మాత్రం మార్చలేం.

చెప్పకుండా డీలర్‌కు ఇచ్చేస్తే ఏమవుతుందో కూడా చూద్దాం. డబ్బు త్వరగా వస్తుంది, ఫీజు గడుస్తుంది. కానీ పెద్ద మొత్తం పెట్టి కొనేవాడు ఎవడైనా "ఇది నిజంగా అతను వేసిందేనా" అని చిత్రకారుడి సంతకంతో కాగితం అడుగుతాడు. ఆ కాగితం ఇవ్వాల్సింది కుర్రాడే. అంటే అతనికి తెలియకుండా ఈ బేరం పూర్తయ్యే అవకాశం తక్కువ. తెలిస్తే మీ నుంచి కాక, డీలర్ నోటి నుంచి తెలుస్తుంది. ఇంకా, బొమ్మను దేశం దాటించాలంటే ఘనా మ్యూజియమ్స్ అండ్ మాన్యుమెంట్స్ బోర్డు కాగితం అడుగుతారు. డబ్బు ఖాతాలో పడ్డాకే బొమ్మ గోడ దిగాలి. "ముందు పంపండి, నిపుణులు చూశాక ఇస్తాం" అంటే అక్కడితో ఆ మెయిల్ డిలీట్ చేయండి.

కుర్రాడికే అమ్మాలనుకుంటే పాత ధరకు ఇమ్మని అతను అడుగుతాడేమోనని మీ భయం, రాయకపోయినా తెలుస్తోంది. అందుకే కదా జవాబివ్వకుండా నాన్చుతున్నారు. పాత ధరకు ఇవ్వనక్కర్లేదు. ఏడెనిమిదేళ్ళు ఆ బొమ్మను గోడ మీద కాపాడింది మీరు. పిండి సంచి గుడ్డకు ఆక్రా ఉప్పుగాలి, సహారా నుంచి వీచే హర్మటాన్ గాలి దుమ్ము తగిలితే ఏమయ్యేదో మీకు తెలుసు. అలాగని డీలర్ చెప్పిన అంకె పట్టుకుని కూర్చోవడమూ సబబు కాదు, దాన్ని ఆయన ఇంకా ఎవరికీ చెల్లించలేదు. నాకైతే ఒక మధ్యేమార్గం కనిపిస్తోంది. మీకు ఈ ఏడాది ఫీజుకు ఎంత తక్కువ పడుతోందో అతనికి దాచకుండా చెప్పండి. అతని గ్యాలరీ వాళ్ళు సొంతంగా కొనొచ్చు, లేదా ఏ మ్యూజియమ్‌కో కొనిపించొచ్చు. చిత్రకారుడి తొలి రోజుల బొమ్మ, అందులోనూ తల్లిది, మంచి చోటికి చేర్చడానికి గ్యాలరీలు శ్రద్ధ చూపిస్తాయి. ఈ దారిలో డబ్బు ఆలస్యమవుతుంది, డీలర్ చెప్పినంత రాకపోవచ్చు, విడతలుగా ఇస్తామనొచ్చు. జూన్‌లో కట్టాల్సిన ఫీజుకు సెప్టెంబర్‌లో వచ్చే డబ్బు అక్కరకు రాదు కాబట్టి తేదీలు ముందే తేల్చుకోండి. అతను "కుదరదు, నా దగ్గర అంత లేదు" అంటే, ఒక గడువు చెప్పి, ఆ తర్వాత మీ ఇష్టమని స్పష్టంగా చెప్పండి. అప్పుడు అమ్మినా మీరు తలెత్తుకు తిరగొచ్చు.

అమ్మకుండా ప్రదర్శనకు అప్పుగా ఇవ్వడం కూడా ఉంది. బీమా, రవాణా అడిగినవాళ్ళే భరిస్తారు, "ఫలానావారి దగ్గరి నుంచి" అని పక్కన మీ పేరు రాస్తారు. ఫీజుకు పైసా రాదు. కానీ ఏడో పేజీ నొప్పికి కొంత మందు.

మీ బొమ్మ గురించి డీలర్ అడగలేదు. పైకి నవ్వుతూ రాశారు గానీ అది కూడా కాస్త గుచ్చుకున్నట్టుంది! వదిలేయండి. అకౌంటెంట్ల మొహాలకు మార్కెట్ ఎప్పుడూ తక్కువే. దాన్ని ఉంచుకోండి.

ఇక చీర బొమ్మ. తొమ్మిది పేజీల్లో నాకు దొరకనిది ఇక్కడే ఉంది. "పొయ్యి బొమ్మ ఇచ్చేయండి" అని ఆవిడ అన్నారని రాశారు. తన బొమ్మ గురించి ఏమన్నారో రాయలేదు. అడిగారా? అది కొన్నది మీరే కావచ్చు, కానీ ఆ మొహం ఆవిడది. రేపు ఏ ఊళ్ళోనో ఎవరి భోజనాల గదిలోనో, పేరు కూడా తెలియనివాళ్ళ మధ్య వేలాడబోయేది ఆవిడ. కొందరికి అది సరదా, కొందరికి ఒళ్ళు జలదరింపు. మన ఇళ్ళలో ఆడవాళ్ళ బొమ్మ ఎవరైనా కూర్చోబెట్టి వేయడమే అరుదు. పెళ్ళి ఫొటో తర్వాత గోడ మీదకు ఎక్కేది దండ వేసేటప్పుడే. మీరున్న చోటా పెద్ద తేడా లేదు, ఆక్రా గోడల నిండా చావు పోస్టర్లే కదా, నిలువెత్తు మొహాలతో. బతికున్న మనిషిని, ప్లాస్టిక్ కుర్చీలో, ఇంటి చీరలో, రెండు గంటలు చూస్తూ కూర్చుని వేశాడు ఒక కుర్రాడు. మీరే రాశారు, ఆవిడ చేతి గాజుల దగ్గర ఒక చోట బ్రష్ వదిలి బొటనవేలితో రుద్దాడని, వేలిముద్ర ఇప్పటికీ కనిపిస్తుందని. బోఆఫో కూడా చర్మం వేసేటప్పుడు బ్రష్ పక్కన పెట్టి వేళ్ళతోనే రంగు పూస్తాడు. దగ్గరకెళ్ళి చూస్తే నలుపులో నీలం, ఇటుక రంగు, పసుపు మెలికలు తిరిగి ఉంటాయి. మీ కుర్రాడికి ఆ సంగతి తెలిసి చేశాడో, గాజు సరిగ్గా రాక విసుగెత్తి చేశాడో. ఆవిడకు గుర్తుండొచ్చు, అడగండి. ఆవిడ అమ్మమంటే 15,000 డాలర్లతో మీ సమస్య చాలావరకు తీరుతుంది, తల్లి బొమ్మ జోలికి వెళ్ళనక్కర్లేదు. దాని మీద మీరు ఏ మాటా ఇవ్వలేదు. అయినా కుర్రాడికి ముందు చెప్పండి, మర్యాద అది. ఆవిడ వద్దంటే ఆ విషయం అక్కడితో ముగిసినట్టే.

ఏ దారి పట్టినా ఈ వారం చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మూడు బొమ్మలనూ ముందు, వెనక, సంతకం దగ్గర, కుట్టు దగ్గర వెలుతురులో ఫొటోలు తీసుకోండి. 1,200 సెడీలు ఇచ్చినప్పటి మొబైల్ మనీ మెసేజ్ గానీ, డైరీలో లెక్క గానీ వెతకండి. అకౌంటెంటు కదా, దొరుకుతుంది. డీలర్‌కు "ఆలోచిస్తున్నాను" అని ఒక లైను రాసి ఊరుకోండి, ధర గురించి ఒక్క మాట వద్దు. హాలు ఫొటో ఫేస్‌బుక్ నుంచి తీసేస్తే మంచిది.

తర్వాత కుర్రాడికి ఫోన్ చేయండి. వాయిస్ మెసేజ్‌కు వాయిస్ మెసేజ్ వద్దు, నేరుగా మాట్లాడండి. మొదటి ఐదు నిమిషాలు బొమ్మ ఊసెత్తకండి. వాళ్ళమ్మ ఎలా ఉందో అడగండి. 2021 ఆగస్టులో న్యూ షెపర్డ్ రాకెట్ మీద బోఆఫో మూడు బొమ్మలు వేస్తే, వాటిలో ఒకటి తన తల్లిది. ఆకాశం దాకా పంపించాడు ఆవిడను. మీ కుర్రాడు తన తల్లిని పిండి సంచి మీద వేసి మీకు అప్పగించి వెళ్ళాడు. మీ ఉత్తరంలో ఆవిడ పొయ్యి ఉంది, చేపలున్నాయి, భుజం మీద కుట్టు ఉంది. చోర్కోర్ మీ ఇంటికి పక్కనే అంటున్నారు. ఆవిడ ఇప్పుడు ఉందో లేదో మాత్రం రాయలేదు.